క్యారియరుకు కళాయి

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళలో మనుషులకంటే పాత్రలకే మర్యాద ఎక్కువ. మనిషికి జ్వరమొస్తే రెండు రోజులు చూద్దాంలే అనేవాళ్ళు. ఇత్తడి గుండిగ మీద కాస్త చిలుము కనబడితే మాత్రం ఆ పూటే పంచాయితీ. ఇప్పటి పిల్లలకు చెబితే నేనేదో కల్పిస్తున్నానని అనుకుంటారు గాని, పదహారేళ్ళ వయసులో కమలాపురం ఇంటికి కోడలిగా వచ్చి, వంటింటి గోడ పొడుగునా బల్లల మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా నిలబెట్టిన ఆ గుండిగలనూ, గంగాళాలనూ, చెంబులనూ చూసినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, నీరసం. వాటిలో సగం పాత్రలకు పొయ్యి సెగ ఎట్లా ఉంటుందో తెలియదు. మా అత్త పెళ్ళికి వచ్చినవి కొన్ని, ఆమె అత్త పెళ్ళికి వచ్చినవి కొన్ని, ఊరికే అక్కడ కూర్చుని ముసలివయ్యాయి. వండని పాత్రకు కూడా తోముడు ఉంటుందని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు (చెప్పి ఉంటే ఏం చేసేదానివని అడక్కండి, ఏమీ చేసేదాన్ని కాదు).

మా వైపు పాత్రల్ని బోకులంటాం. తెల్లారి లేస్తే బోకులు, అన్నాలయ్యాక బోకులు, పొద్దుగూకే ముందు బోకులు. దొడ్లో బావి పక్కన బండ, దాని మీద గొంతుకూర్చున్న నేను. చారుకు పిండగా మిగిలిన చింతపండు పిప్పి, దంచి జల్లించిన ఇటుకపొడి, పొయ్యిలో బూడిద, ఒక కొబ్బరి పీచు, ఇవీ నా ఆస్తిపాస్తులు. చింతపండు పులుపుకు వేళ్ళ సందులు నాని పగిలేవి, ఆ పగుళ్ళలోకి ఇటుకపొడి దిగేది, ఆ మీదట ఊరిబిండి పచ్చడిలో కారం కలిపేటప్పుడు ప్రాణం పోయేది. మా అత్త చెడ్డది కాదు. ఆమె కూడా అదే బండ మీద కూర్చుని తోమి తోమి అత్తగా ఎదిగిన మనిషి. చేయి నొయ్యకుండా బోకి శుభ్రం కాదని ఆమె గట్టి నమ్మకం. నేను తోమి బోర్లించిన చెంబును ఎండలో తిప్పి చూసి, నా ముఖం వైపు కూడా చూడకుండా మళ్ళీ నా ముందు పెట్టేది. తిట్టేది కాదు. తిట్టినా బాగుండేది, కాసేపు తోముడు ఆపి తిట్లు వినేదాన్ని.

మా ఆయన చెనిక్కాయల వ్యాపారం మీద అప్పుడప్పుడూ మద్రాసు వెళ్ళి వచ్చేవాడు. రెండో ఏడు శివరాత్రి దాటాక ఒక రోజు రైలు దిగి వస్తూ చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. విప్పితే నాలుగు డబ్బాల క్యారియరు. ఎవర్‌సిల్వరు. ఇప్పటి స్టీలుకు అప్పటి పేరు. ఆ పేరు వినడమే గాని మా వీధిలో ఎవరమూ దాన్ని కంటితో చూసి ఎరగం. వెండి కాదట, వెండిలా ఉంటుందట, నల్లబడదట. అసలు సంగతి మాత్రం మా ఆయన వాళ్ళమ్మ వినకుండా వంటింటి గుమ్మంలో నిలబడి నాతో చెప్పాడు.

"దీన్ని తోమే పనే లేదంట. నీళ్ళు పోసి గుడ్డతో తుడిస్తే సాలని అంగడాయన చెప్పినాడు. నీ సేతులు చూడలేక తెచ్చినా. మెల్లిగా అన్నీ ఇట్లాంటివే తెస్తా."

పెళ్ళయిన ఇన్నాళ్ళకు మొగుడు నా చేతుల వైపు చూశాడని తెలిసి నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది గాని, అప్పట్లో అది బయటికి చూపించే రకం సంతోషం కాదు. తల వంచుకుని క్యారియరు డబ్బాలు లెక్కపెట్టినట్టు నటించాను.

తోమే పని లేదన్న మాట నిజమే కావచ్చు, మద్రాసులో. మా దొడ్డి బావిలోవి ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళతో కడిగి బోర్లిస్తే ఆరేసరికి క్యారియరు నిండా తెల్లటి మరకలు. ఇత్తడి మీద ఆ మరకలు కనబడవు, చింతపండు పులుపుకు పోతాయి. ఇదేమో అద్దమాయె, దీంట్లో మన ముఖం కంటే మరకే ముందు కనబడుతుంది. మా అత్త ఆ మరకను గోటితో గీకి చూసి, పైనున్న వెండి రాలిపోతోందని తేల్చేసింది. ఇక అప్పటినుంచి, పాపాఘ్ని ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుంచి తాగడానికని మోసుకొచ్చే మంచినీళ్ళలో ఒక చెంబెడు దీనికి విడిగా. కడిగిన వెంటనే, ఒక్క చుక్క ఆరకముందే, పాత ధోవతి ముక్కతో తుడవాలి. తుడిచాక వేలు తగలకూడదు. పైగా వీధి వీధంతా వచ్చి చూసేది. వచ్చిన ప్రతి ఆడమనిషీ మూత ఎత్తి, అందులో తన బొట్టు సరిచేసుకుని, డబ్బాల్ని ఒకదానితో ఒకటి కొట్టి చప్పుడు విని, తన వేలిముద్రలన్నీ దాని మీద వదిలిపెట్టి పోయేది. వాళ్ళు వీధి మలుపు తిరక్కముందే నేను మళ్ళీ చెలమ నీళ్ళతో బండ మీద కూర్చునేదాన్ని. నా పని తగ్గించడానికి వచ్చిన ఆ క్యారియరు, ఉన్న పనిని ఉన్నట్టే ఉంచి, పైన తన పని కూడా వేసింది. ఇంత జరిగినా అందులో ఒక ముద్ద అన్నం పెట్టింది లేదు. ఊరికే కడగడమే.

ఆ ఏడాది ఒంటిమిట్ట తిరునాళ్ళకు మా అమ్మ వస్తున్నానని కబురు చేసింది. మా పుట్టిల్లు రాజంపేట అవతల ఒక పల్లె. అమ్మను దసరాకు చూసిందే, ఆ తర్వాత చూళ్ళేదు. ఆమెకు అక్కడ పాడీ సేద్యమూ, నాకిక్కడ బోకులు. తేరు లాగే రోజున సత్రం దగ్గర కలుసుకుందాం, ఒక్క పూటైనా కూర్చుని మాట్లాడుకుందాం అని ఆమె చెప్పి పంపిన మాట. నాకప్పుడు లోకంలో కావలసిందల్లా ఆ ఒక్క పూట. బండ మీద కూర్చున్నప్పుడల్లా అమ్మకు చెప్పాల్సిన మాటలు ఒకటొకటే పోగుచేసుకునేదాన్ని. మా అత్త కాదనలేదు. పోయిరా, దానికేం, అంది. కానీ ఒక మెలిక పెట్టింది.

"ఆ క్యారియర్లో చిత్రాన్నం, ఓళిగలు, అలసంద వడలు కట్టిస్తా, ఎత్తుకోని పో. మీ అమ్మ సూడల్ల మన ఇంట్లో ఏముండాదో. దాని మీద ఒక్క మరక ఉన్నా నాకు మాటొస్తాది. అది మెరిసేదాంక పయనం మాట ఎత్తొద్దు."

వియ్యపురాలి ముందు తలెత్తుకోవడం ఆమెకు కావాలి, అమ్మను చూడడం నాకు కావాలి. రెండూ వచ్చి ఆ క్యారియరు మీద ఆగాయి. అయినా నేను దిగులు పడలేదు. చెలమ నీళ్ళూ, ధోవతి ముక్కా ఉన్నాయి, ఒక రోజు ముందు కడిగి ఎవరినీ ముట్టుకోనివ్వకపోతే సరిపోతుందనుకున్నాను.

ఉగాదికి ముందు మా ఊరికి ఏటా కళాయి సాయిబు వచ్చేవాడు. ఇత్తడి పాత్రలో పులుపు వండితే చిలుమెక్కి విషమవుతుంది కాబట్టి లోపల తగరం పూత వేయించాలి. అదే కళాయి. ఏ ఇల్లాలికైనా అది అన్నం వండడమంత తెలిసిన సంగతి. మా అత్త ఆలోచన కూడా చాలా సవ్యంగానే సాగింది. క్యారియర్లో చిత్రాన్నం పెడతాం. చిత్రాన్నంలో నిమ్మకాయ పిండుతాం. కళాయి లేని బోకిలో ఆ పులుపు పెట్టి, ఎండలో, రైల్లో, అంత దూరం పంపితే, తిన్న వియ్యపురాలికి ఏమన్నా అయితే మాట ఎవరికి? దీనికి కళాయి అక్కర్లేదంట అత్తా అని నేను నెమ్మదిగా అన్నాను. ఎవరు చెప్పారంది. అంగడాయన అన్నాను. అమ్ముకునేవాడు అట్లనే చెప్తాడు అంది. ఆ మాట ఇప్పటికీ నిజమే. మా ఆయన చూస్తే సమయానికి మళ్ళీ మద్రాసులో ఉన్నాడు.

సాయిబు మా వాకిట్లో వేపచెట్టు నీడన గుంట తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేసి కూర్చున్నాడు. పెద్ద వయసు, తెల్లగడ్డం, తన పని మీద తనకు అపారమైన నమ్మకం. క్యారియరు డబ్బాను చేతిలోకి తీసుకుని, వేలితో మీటి, వాసన చూసి, ఇది కొత్త రకం సీమ ఇత్తడి, ఇట్లాంటివి తాను శానా చూశానన్నాడు (చూడలేదని కాసేపట్లో తేలింది). మామూలుగా ఆయన పాత్రలో ఇసుక పోసి, అందులోకి దిగి నిలబడి, నడుము తిప్పుతూ కాళ్ళతో రుద్దేవాడు. ఈ డబ్బాలో ఆయన మడమ కూడా పట్టలేదు. చేత్తోనే రుద్దాడు. కరకరమనే ఆ చప్పుడు వింటుంటే నేను తుడిచిన తుడుపులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆ మీదట డబ్బాను నిప్పుల మీద పెట్టి, నవాసారం పొడి చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. తగరం అంటుకోలేదు. పూసలు పూసలుగా జారి అడుగున చేరింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ జారింది. ఇంతవరకూ ఏ బోకీ ఆయనకు ఇట్లా ఎదురు తిరిగి ఉండదు. ముఖం కందగడ్డ చేసుకుని, వేడి సాల్లేదు అని తిత్తి ఇంకా గట్టిగా ఊదాడు. అప్పుడు డబ్బా అంచున పసుపు రంగు తేలింది. ఆ పసుపు కాస్తా వంగపండు రంగయింది, వంగపండు రంగు కాస్తా నీలమయింది. అత్తా, నేనూ, సాయిబూ ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

సాయిబు పట్టకారుతో దాన్ని తీసి నీళ్ళలో ముంచి, మిగిలిన మూడింటి పక్కన పెట్టాడు. మూడు తెల్లగా ఉన్నాయి, ఒకటి నెమలి మెడ రంగులో ఉంది. ఇక్కడితో ఆపుతారనే అనుకున్నాను. మూడు డబ్బాలు చాల్లే, నాలుగోదాన్ని అటక మీదికి విసిరేద్దాం అని నేను మనసులో అప్పుడే రైలెక్కేశాను. మా అత్త నాలుగింటినీ పక్కపక్కన జరిపి, దూరంగా నిలబడి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి చూసి, చివరికి తీర్పు చెప్పింది.

"మూడు ఒగ తీరు, ఒగటి ఒగ తీరు ఉంటే ఎట్ల సాయిబూ? జత కలవల్ల గదా. తక్కినవి గూడా అట్లనే చెయ్యి."

చేశాడు (మూతను కూడా మరిచిపోలేదు). నిజం చెప్పాలంటే ఆ పూటకు మా అత్తకు అది నచ్చింది కూడా. నాలుగూ ఒక్క తీరుగా నీలంగా, అంచుల్లో పసుపుపచ్చగా నిగనిగలాడుతుంటే వాకిట్లోనే వరసగా పెట్టి కాసేపు చూసుకుంది. ఇంతలో ఎదురింటి పెద్దమ్మ వచ్చి, కాలబెట్టుకుంటిరి గదా వదినా అని ఒక్క మాట అనేసరికి సంబరమంతా చప్పబడింది. పొద్దుగూకే లోపలే క్యారియరు నా బండ మీదికి వచ్చింది. తేరు రోజులోపల ఆ రంగు పోవాలి, పాత మెరుపు రావాలి. లేకపోతే ప్రయాణం లేదు.

దాన్ని తోమినట్టు నేను జన్మలో మరి దేన్నీ తోమలేదు. చింతపండుతో తోమాను, పుల్లమజ్జిగతో తోమాను, నిమ్మడిప్పలతో, ముగ్గుపిండితో, కుంకుడు రసంతో, పెద్దమ్మ చెప్పిందని ఎండిన బీరపీచుతో, ఇంకెవరో చెప్పారని చెలమ ఇసుకతో కూడా తోమాను. నీలం కదల్లేదు. కింద మిగిలి ఉన్న కాస్త మెరుపు మాత్రం గీతలు పడి మాయమైంది. ఇది చాలదన్నట్టు ఉగాదికని అటక మీది బోకులు కూడా దింపి కుప్ప పోశారు. ముందు అవి, ఆ తర్వాత ఇది. చేయి దాని పాటికది తోముతూనే ఉండేది, కళ్ళు మూతలు పడేవి. పండగ పోయింది, శ్రీరామనవమి కూడా పోయింది, నేను ఆ బండ మీదే ఉన్నాను. అమ్మకు చెప్పాలని పోగుచేసుకున్న మాటలు కూడా ఒకటొకటే మరిచిపోతున్నట్టు అనిపించి భయం వేసేది. తేరుకు ముందు రోజు మధ్యాహ్నం మా అత్త ఓళిగలకు పూర్ణం రుబ్బుతుంటే వెళ్ళి క్యారియరును ఆమె ముందు పెట్టాను.

"నేను పోనులే అత్తా. ఇది తెల్లగా కాదు. నాతో కాదు."

ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. మా అత్త చాలాసేపు రుబ్బడం ఆపలేదు. ఆ తర్వాత చేయి కడుక్కుని వచ్చి, క్యారియరును ఒకసారి, నా చేతుల్ని ఒకసారి చూసింది. చెంబును ఎండలో తిప్పి చూసినట్టే నా చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. చేయి వదిలేసి మళ్ళీ రోటి దగ్గర కూర్చుంది.

"మద్రాసులో ఇప్పుడు ఈ రంగువే వస్తాండాయని చెప్పు మీ అమ్మకు. పొద్దన్నే రైలు, ముందు తల దువ్వుకో పో."

తెల్లవారి తనే చిత్రాన్నం, వడలు, ఓళిగలు, పెరుగన్నం నాలుగు డబ్బాల్లో సర్ది, ఒక కొత్త తువ్వాలు తెచ్చి, క్యారియరును ఎక్కడా కనబడకుండా మూటగట్టి నా చేతికిచ్చింది. అప్పటికి మద్రాసు నుంచి తిరిగొచ్చిన మా ఆయన నన్ను రైలెక్కించి తీసుకుపోయాడు. ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కడప దాటేదాకా కూడా మేలుకుని ఉండలేకపోయాను. ఒంటిమిట్టలో దిగి సత్రానికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద నిలబడి ఉంది. నన్ను తడిమి, చిక్కిపోయినావంది. (అమ్మలందరూ అంటారు, కానీ నేను నిజంగానే చిక్కిపోయాను.) మా ఆయన మర్యాదగా పలకరించి, మమ్మల్ని వదిలేసి తేరు దగ్గరికి వెళ్ళాడు. అమ్మ మూట విప్పింది. క్యారియరును బయటికి తీసి మురిసిపోయింది. మా వియ్యపురాలు ఎంత మర్యాదస్థురాలు, ఇంత అందమైన వస్తువులో పెట్టి పంపింది అని పక్కనున్న ఆడవాళ్ళకు కూడా చూపించింది. మద్రాసు రంగు సంగతి చెప్పే అవసరమే నాకు రాలేదు.

తినడం అయ్యాక మాట్లాడుకుందామని నేను గోడకు ఆనుకుని కూర్చుంటే, అమ్మ డబ్బాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లేచింది. ఎక్కడికమ్మా అంటే, బావి దగ్గరికంది. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఒకరింటి బోకిని ఎంగిలితో తిప్పి పంపరు, ఖాళీగానూ తిప్పి పంపరు. అందులోనూ వియ్యపురాలి బోకి. అవతల తేరు కదిలే వేళవుతోంది, జనమంతా అటు పరుగెత్తుతున్నారు, మా అమ్మ సత్రం వెనక బావి గట్టున గొంతుకూర్చుని పిడికెడు ఇసుక తీసుకుంది. ఏ పని నుంచి ఒక్క పూట తప్పించుకుందామని ఇంత దూరం వచ్చానో, ఆ పని నాకంటే ముందే వచ్చి బావి దగ్గర కూర్చుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలవాటు కొద్దీ నేనూ ఎదురుగా గొంతుకూర్చుని ఒక డబ్బా అందుకున్నాను. అమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. లాక్కునేటప్పుడు నా అరచేయి కనబడింది ఆమెకు. ఇసుక పట్టుకున్న చేయి అట్లాగే ఆగిపోయింది.

"నువ్వు ఈ పక్కకు రా అమ్మీ. ఊరికే నీళ్ళు పొయ్యి, సాలు."

నేను నీళ్ళు పోశాను. అమ్మ తోమింది. ఆ తోమేంత సేపూ మాట్లాడుకున్నాం. ఏ ఆవు ఈనింది, ఏ పొలంలో నీళ్ళు ఇంకిపోయాయి, నాతో ఆడుకున్న ఏ పిల్లకు ఎక్కడ సంబంధం కుదిరింది, నాకు ఎన్ని గంటలకు మెలకువ వస్తుంది, అత్త తిండి సరిగ్గా పెడుతుందా, అన్నీ. పెడుతుందని చెప్పాను, అది నిజమే. మరిచిపోయాననుకున్న మాటలన్నీ వాటంతటవే వచ్చాయి. అమ్మ చేయి మాత్రం ఆ నీలం మీదే తిరుగుతోంది. ఎంత తోమినా అది ఉన్నట్టే ఉండడం చూసి, చివరికి పైట చెంగుతో చెమట తుడుచుకుని, కాస్త మొహమాటంగా నా వైపు చూసింది.

"ఈ రంగు పోవల్లనా, ఉండల్లనా అమ్మీ?"

నాకు నవ్వు ఆగలేదు. నీళ్ళ చెంబు కింద పెట్టేసి, కడుపు పట్టుకుని నవ్వాను, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా అమ్మ కూడా నవ్వింది. అప్పుడే అవతల పెద్దగా జనం కేకలు, డోళ్ళు. తేరు కదిలింది. మేం లేచేసరికి అది సత్రం మలుపు దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు. అమ్మ అక్కడినించే దండం పెట్టుకోమంది. తడిచేతులతో ఆ చప్పుడు వైపు దండం పెట్టుకున్నాం. ఆ తర్వాత ఆమె డబ్బాల్ని తన కొంగుతోనే తుడిచి, తిరునాళ్ళలో కొన్న బొరుగులు, బెల్లం, పుట్నాలు నింపి, అదే తువ్వాల్లో మళ్ళీ మూటగట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చాక మా అత్త మొదట మూట విప్పి డబ్బాలు చూసింది. మీ అమ్మ ఏమందంది. రంగు బాగుందంది అత్తా అన్నాను. ఆమె ముఖం విప్పారింది. తేరు చూశావా అంది. చూడలేదు, అమ్మా నేనూ క్యారియరు తోముతూ ఉండిపోయాం అన్నాను. మా అత్త డబ్బాల్ని మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మీ అమ్మ శానా మంచి మనిషి అంది. ఆమె నోటి నుంచి ఎవరి గురించైనా అంత మాట రావడం నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు మా వంటింట్లో ఇత్తడి లేదు, అంతా స్టీలే. మా కోడలు ఏదో పచ్చటి ద్రావకం ఒక చుక్క వేసి నిలబడే కడిగేస్తుంది. నేను వెళ్ళి పక్కన నిలబడితే, మీరు పోయి కూర్చోండి అత్తయ్యా, ఇందులో పనేముంది అంటుంది. నిజమే, పనేమీ లేదు. ఒక్క పూట మాట్లాడుకుందామని అంత దూరం రైలెక్కి వెళ్ళి, తేరు వదిలేసి, బోకుల దగ్గర కూర్చుని తిరిగొచ్చిన ఆ పదిహేడేళ్ళ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆ తేరు ఆ తర్వాత చాలాసార్లు చూశాను, దగ్గరగా నిలబడి చూశాను. అమ్మ తోముతుంటే నేను నీళ్ళు పోయడం మాత్రం మళ్ళీ జరగలేదు.